కళ్లజోడు కుర్రాడు బడ్డీ హాలీ



రాత్రి స్టడీ అవర్ అయ్యాక మనం ట్రంకు పెట్టెల మీద దరువేసి పాడుకుంటాం కదా. వార్డెన్ సారు టార్చిలైటు వెలుగు కనబడగానే ముసుగు తన్ని పడుకుంటాం. అలాగే అట్టపెట్టె మీద దరువేసి రికార్డు చేసిన ఒక పాటను దేశదేశాలవాళ్లు విన్నారు. దాని పేరు 'నాట్ ఫేడ్ అవే'. ఆ పాట కట్టినవాడు బడ్డీ హాలీ. బతికింది 22 ఏళ్లే.

బడ్డీ 1936 సెప్టెంబరు 7న అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం లబ్బక్ పట్టణంలో పుట్టాడు. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. అసలు పేరు చార్లెస్ హార్డిన్ హాలీ. ఇంట్లో బడ్డీ అని పిలిచేవారు. డబ్బున్న కుటుంబం కాదు గాని ఇంటినిండా పాటే.

ఆ రోజుల్లో అక్కడ నల్లవాళ్లకు వేరే బడి, తెల్లవాళ్లకు వేరే బడి. రేడియో పాటకు మాత్రం అడ్డు లేదు. బడ్డీ రాత్రిపూట దూరపు స్టేషన్లు పట్టి నల్లజాతి గాయకుల పాటలు వినేవాడు. వాళ్ల రిథమ్ అండ్ బ్లూస్, తెల్లవాళ్ల పల్లెపాటలు కలిసి పుట్టిందే రాక్ అండ్ రోల్. 1955లో ఎల్విస్ ప్రెస్లీ లబ్బక్ వచ్చి పాడాడు. అది చూశాక బడ్డీకి ఇక వేరే ధ్యాస లేదు.

1956లో డెక్కా అనే పెద్ద కంపెనీ నాష్‌విల్ పిలిపించింది. ఒప్పందం కాగితంలో ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం ఎగిరిపోయింది. పోతే పోయిందని ఆ పేరే ఉంచుకున్నాడు. కాని అక్కడ తన పద్ధతిలో పాడనివ్వలేదు. రికార్డులు అమ్ముడుపోలేదు. కంపెనీ వద్దు పొమ్మంది.

అక్కడ పాడి, బయటికి రాకుండా ఉండిపోయిన పాట 'దటిల్ బీ ద డే'. ఒక సినిమాలో జాన్ వేన్ మాటిమాటికీ అనే మాట పట్టుకుని, బడ్డీ, డ్రమ్ములు వాయించే స్నేహితుడు జెర్రీ ఆలిసన్ కట్టిన పాట అది. బడ్డీ ఊరుకోలేదు. 1957 ఫిబ్రవరిలో న్యూమెక్సికోలోని క్లోవిస్ అనే చిన్న ఊరికి స్నేహితులతో వెళ్లి అదే పాట మళ్లీ పాడాడు. పాత ఒప్పందం అడ్డు రాకుండా జట్టు పేరు మీద విడుదల చేశారు. జట్టు పేరేమిటో తెలుసా? క్రికెట్స్, అంటే కీచురాళ్లు! సెప్టెంబరులో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వచ్చింది. ఒకరు వద్దన్న పాటే అది!

బడ్డీ పాటల్లో పెద్ద పెద్ద మాటలుండవు. మొదట మేనకోడలి పేరు పెట్టిన పాటను జెర్రీ ప్రేమించిన అమ్మాయి పేరుకు మార్చారు. అదే 'పెగ్గీ స్యూ'. 'ఎవ్రీడే' పాటలో డ్రమ్ములకు బదులు జెర్రీ తన మోకాళ్లు చరిచాడు. దొరికినదే వాయిద్యం అన్నమాట. నల్లటి దళసరి ఫ్రేము కళ్లజోడు పెట్టుకునే బడ్డీ స్టేజి మీద కూడా దాన్ని తియ్యలేదు.

పాట కట్టడం వచ్చింది గాని లెక్క చూసుకోవడం రాలేదు. స్టూడియో యజమానే మేనేజరు. చాలా పాటల మీద రచయితగా ఆయన పేరు కూడా పడింది. డబ్బూ ఆయన దగ్గరే. 1958 చివర్లో విడిపోయాక రావలసిన సొమ్ము చేతికందలేదు. అప్పటికి బడ్డీకి పెళ్లయింది, భార్య మరియా ఎలీనా గర్భవతి. సంపాదన కోసం 1959 జనవరిలో గడ్డకట్టే చలిలో ఊరూరా పాడే యాత్రకు బయలుదేరాడు.

బస్సులో హీటరు చెడిపోయింది. డ్రమ్ములు వాయించే అబ్బాయి కాళ్లు చలికి దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు. ఫిబ్రవరి 2న అయోవా రాష్ట్రం క్లియర్ లేక్‌లో పాట ముగిశాక, బడ్డీ ఇక ఆ బస్సు ఎక్కలేక చిన్న విమానం మాట్లాడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక లేచిన విమానం కొద్ది నిమిషాల్లోనే మంచు పొలంలో కూలింది. బడ్డీతోపాటు 17 ఏళ్ల రిచీ వాలెన్స్, జె.పి. రిచర్డ్‌సన్, పైలట్ చనిపోయారు.

ఇంగ్లండులోని లివర్‌పూల్ కుర్రాళ్లు 1958లో తమ మొదటి రికార్డుకు పాడుకున్నది బడ్డీ పాటే. కీచురాళ్లను చూసి తామూ పురుగు పేరే పెట్టుకున్నారు. వాళ్లే బీటిల్స్!

మిత్రులారా, మీకు వచ్చిన మాటలతోనే పాట కట్టండి. ఎవరో వద్దన్నారని చింపెయ్యకండి. కింద మీ పేరు రాయండి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు మాత్రం రెండుసార్లు చదవండి.

— 9వ తరగతి విద్యార్థి