చందమామ వెనుక కనిపించని కలం
పిల్లల కథలకు ప్రాణం పోసిన కొడవటిగంటి కుటుంబరావు

నల్లగొండ: ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో యాభై ఏళ్లు దాటిన చదువరులను బడి పుస్తకం కాక మొదట చదివిన పుస్తకం ఏదని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చే పేరు చందమామ. భుజాన శవాన్ని వేసుకుని మౌనంగా శ్మశానం కేసి నడిచే విక్రమార్కుడు తెలియనివారు ఆ తరంలో అరుదు. అయితే ఆ పత్రికలోని కథలన్నింటినీ 1952 నుంచి 1980 వరకు, అంటే ఇరవై ఎనిమిది సంవత్సరాలకు పైగా, తన చేతి మీదుగా తీర్చిదిద్దిన వ్యక్తి పేరు ఆ పత్రికలో సంపాదకుడిగా అచ్చు కాలేదు. ఆయనే కొడవటిగంటి కుటుంబరావు. తెలుగు సాహిత్యలోకం ఆయనను కొకు అని పిలుచుకుంది. కథకుడిగా, నవలాకారుడిగా, వ్యాసకర్తగా పెద్దలకు ఆయన సుపరిచితుడు. చందమామను ప్రాణంగా చూసుకున్న పిల్లలకు మాత్రం ఆయన ఎవరో తెలియదు.

తెనాలి నుంచి కాశీ దాకా

కుటుంబరావు 1909 అక్టోబరు 28న గుంటూరు జిల్లా తెనాలిలో జన్మించారు. ఐదేళ్లు నిండే నాటికే తండ్రి మరణించారు. 1920లో తల్లి కూడా దూరమయ్యారు. బంధువుల నీడలో పెరిగిన ఆ బాలుడికి నాటి ఆచారం ప్రకారం హైస్కూలు చదువు ముగిసే లోపలే వివాహం జరిగింది. ఇంటర్మీడియెట్ గుంటూరులోను, భౌతికశాస్త్రంలో బి.ఎ. విజయనగరం మహారాజా కళాశాలలోను పూర్తి చేసి, ఎం.ఎస్సీ. కోసం కాశీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ప్రపంచాన్ని ముంచెత్తిన ఆర్థిక మాంద్యం ఆ చదువును మధ్యలోనే ఆపివేసింది. చేతిలో డిగ్రీ ఉన్నా ఉద్యోగం దొరకని యువకుల తరం అది.

తరువాతి ఇరవై ఏళ్లు ఆయన నిలకడగా ఒకచోట ఉన్నది లేదు. సిమ్లాలో గుమాస్తాగిరీ, ఒరిస్సాలోని జయపురంలో ఒక కొలువు, బొంబాయిలో మరొకటి, మద్రాసులో ఆంధ్రపత్రిక, ఆపై కినిమా అనే సినిమా పత్రిక. 1939లో మొదటి భార్య కన్నుమూశారు. ఈ కష్టాలన్నింటి నడుమ కథలు, నవలలు, వ్యాసాలు రాస్తూనే ఉన్నారు. కొడుకు చదువుకుంటే కుటుంబం గట్టెక్కుతుందని నమ్మిన మధ్యతరగతి ఆశను, ఆ ఆశ అడియాస అయిన తీరును చిత్రించిన చదువు అనే నవల ఆయన రచనల్లో మేటిగా నిలిచింది. అక్షరాభ్యాసంతో మొదలై నిరుద్యోగం దాకా సాగే ఆ కథలో రచయిత జీవితపు ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లవాడికి బడి ఎందుకు చేదవుతుందో, ఇష్టంతో చదివిన కథ ఎందుకు మనసుకు పట్టుకుంటుందో అంతగా ఆలోచించిన రచయిత పిల్లల పత్రికకు రావడం కేవలం బతుకుతెరువు వల్లనే జరిగినా, పత్రికకు అది మేలే చేసింది.

మద్రాసులో చందమామ

పాతాళభైరవి, మాయాబజార్ వంటి చిత్రాలు నిర్మించిన విజయా సంస్థ అధినేతలు బి.నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో చందమామను ప్రారంభించారు. చక్రపాణిది కూడా తెనాలే. పిల్లల కథ ఎలా ఉండాలన్న విషయంలో ఆయనకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. సంపాదకుడిగా ఆయన పేరే వెలువడేది. 1952 జనవరిలో కుటుంబరావు అక్కడ చేరారు. చిత్రకారుడు శంకర్, ధారావాహికల రచయిత దాసరి సుబ్రహ్మణ్యం కూడా అదే సంవత్సరం చేరినవారే. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, పాతాళదుర్గం వంటి సీరియళ్లను పలువురు నేటికీ కుటుంబరావువిగా పొరబడుతుంటారు. అవి దాసరి రచనలు. వారి పేర్లనూ పాఠకులు ఎరుగరు గనుక ఈ పొరపాటు సహజమే.

కుటుంబరావు పని మరొక రకమైనది. ఊరూరి నుంచి పాఠకులు రాసి పంపిన కథలు కట్టలుగా వచ్చేవి. కథలో పస ఉంటే చాలు, వాక్యాలు ఎలా ఉన్నా ఆయన దానిని మొదటి నుంచి తిరగరాసేవారు. అచ్చులో మాత్రం పంపినవారి పేరే ఉండేది. దీంతో ఏదో మారుమూల పల్లెలోని యువకుడు తన పేరును చందమామలో చూసుకుని మురిసిపోయేవాడు. ఆ వాక్యాలను నడిపిన చేయి ఎవరిదో అతనికీ తెలియదు. రామాయణ భారతాలు, జాతక కథలు, కథాసరిత్సాగరం, అరేబియన్ రాత్రులు కూడా ఆ పుటల్లో తేట తెలుగులో వెలువడ్డాయి.

గ్రీకు మహాకవి హోమర్ ఒడిస్సీని ఆయన రూపధరుని యాత్రలుగా మార్చారు. ట్రాయ్ యుద్ధగాథకు భువనసుందరి అని పేరు పెట్టారు. సముద్రాన్ని కళ్ల చూడని మన మెట్ట ప్రాంతపు పిల్లలు ఒంటికన్ను రాక్షసుడి గుహ నుంచి నాయకుడు తప్పించుకున్న వైనాన్ని ఊపిరి బిగబట్టి చదివారు. అది గ్రీకుల కథ అని వారిలో చాలామందికి కళాశాలలో చేరాక గాని తెలిసి ఉండదు. విదేశీ కథను ఇంతగా మన ఇంటి కథగా మార్చడం సామాన్యమైన విషయం కాదు.

భేతాళుని ప్రశ్న

చందమామ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి భేతాళ కథలు. సంస్కృతంలోని మూల కథలు ఇరవై ఐదు మాత్రమే. అవి అయిపోయిన తరువాత ఆ చట్రం ఆగిపోవలసింది. ఆగలేదు. చివర ఒక చిక్కు ప్రశ్నకు తావున్న ఏ కథనైనా భేతాళుని నోట చెప్పించవచ్చని ఆ పత్రిక నిరూపించింది. పాఠకులు పంపిన మామూలు కథల్లో ఇటువంటి ముడి ఉన్నవాటిని ఎంచి, దానిని బిగించి, ప్రశ్నను పదునుపెట్టి భేతాళ కథగా మలిచే పనిలో కుటుంబరావు అందెవేసిన చేయి. అలా నెలకొకటి చొప్పున వచ్చిన కథలు వందలు దాటాయి.

వాటి నిర్మాణాన్ని కాస్త పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కథ ముగిశాక భేతాళుడు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఫలానా పాత్ర అలా ఎందుకు చేసింది, అది తగినదేనా అన్న తీరులోనే ఉంటుంది. పైకి తప్పుగా తోచిన పని వెనుక ఉన్న కారణాన్ని విక్రమార్కుడు విప్పి చెబుతాడు. జవాబులో మంత్రం లేదు, దైవసహాయం లేదు. ఉన్నది తర్కం ఒక్కటే. పుట తిప్పక ముందే జవాబు ఊహించాలని పిల్లలు పందేలు వేసుకునేవారు. భౌతికశాస్త్రం చదివిన మనిషి శవం చేత కథలు చెప్పించి పిల్లలకు కార్యకారణ సంబంధాన్ని అలవాటు చేశారనడం అతిశయోక్తి కాదు. ఏ బడి పుస్తకమూ ఆ పనిని అంత ఇష్టంగా చేయించలేదు.

దయ్యాలపై వివాదం

కుటుంబరావు హేతువాది. మార్క్సిజాన్ని నమ్మినవారు. 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు అందులో చేరి, చివరి వరకు ఆ సంఘంతోనే ఉన్నారు. అటువంటి వ్యక్తి పగలంతా రాజులు, రాక్షసులు, దయ్యాల కథలను దిద్దుతూ కూర్చోవడం ఏమిటని ప్రశ్న రావడం సహజం. దీనికి ఆయన వద్ద స్పష్టమైన సమాధానమే ఉంది. ధైర్యం, స్నేహం, నిజాయితీ, న్యాయబుద్ధి వంటివి పసి మనసులో నాటుకోవాలని, అందుకు దయ్యాలు అక్కరకొస్తే వాటిని వాడుకోవడంలో తప్పు లేదని, భక్తిని, మూఢనమ్మకాలను ప్రచారం చేయడానికి మాత్రం పత్రికను వాడరాదని ఆయన భావించారు. చందమామ దయ్యాలు భయపెట్టేవి తక్కువ. చింతచెట్టు కొమ్మ మీద కూర్చుని మనుషుల తెలివికి చిత్తయ్యేవి, మంచివాడికి సాయపడేవి, పిసినారికి బుద్ధి చెప్పేవి ఎక్కువ.

అయినా ఈ సమాధానం అన్ని విమర్శలకూ సరిపోదు. సాహసం చేసిన యువకుడికి అర్ధరాజ్యంతో పాటు రాకుమార్తె బహుమానంగా దక్కడం ఆ కథల్లో పరిపాటి. ఆ రాకుమార్తె ఇష్టాన్ని ఎవరూ అడగరు. పెద్దల కోసం రాసిన రచనల్లో స్త్రీల జీవితాన్ని ఎంతో సానుభూతితో చూసిన కుటుంబరావు, జానపద కథల ఈ అచ్చును అంతగా కదిలించలేదు. రాజు చెడ్డవాడైతే మంచి రాజు వస్తాడే తప్ప రాచరికమే పోదు. నేటి పిల్లలకు ఈ కథలు చదివించే పెద్దలు ఆ ప్రశ్నలను దాటవేయకుండా మాట్లాడటమే మేలు.

తెలంగాణ పిల్లల చేతిలో

కుటుంబరావు చందమామలో చేరిన కాలానికి మన ప్రాంతంలో ఒక ప్రాధాన్యం ఉంది. నిజాం పాలనలో ఉన్నత పాఠశాల చదువు ఉర్దూలో సాగేది. తెలుగు చదువు కోసం ఎందరో పాటుపడ్డారు. నల్లగొండ నుంచి 1922లో నీలగిరి పత్రిక వెలువడింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. నకిరేకల్ ప్రాంతానికి చెందిన వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలను ఊరూరా మోసుకెళ్లి అమ్మారు. అవన్నీ పెద్దల కోసం సాగిన ప్రయత్నాలు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత బడులు క్రమంగా తెలుగులోకి మారాయి. కొత్తగా తెలుగు మాధ్యమంలో కూర్చున్న ఆ తొలి తరం పిల్లలకు పాఠ్యపుస్తకం దాటి చదవడానికి సులభమైన తెలుగు వచనం కావలసి వచ్చింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే కుటుంబరావు చేతిలో చందమామ వచనం కుదురుకుంది.

పొట్టి వాక్యాలు, బరువైన సమాసాలు లేని మాటలు, అనవసర వర్ణనలకు చోటు లేని నడక. కూడబలుక్కుని చదివే పిల్లవాడు సైతం రెండు పుటలు దాటేసరికి దారిలో పడేవాడు. ఇంట్లో చదువురాని పెద్దలకు పిల్లలే చదివి వినిపించేవారు. చెవికి వినసొంపుగా ఉండటం ఆ వచనానికి ఉన్న మరొక గుణం.

అయితే ఆ తెలుగు కృష్ణా, గుంటూరు జిల్లాల తెలుగు. అందులో రైతులు సంతకు వెళ్తారు. ఇక్కడ వారమంతా ఎదురుచూసేది అంగడి. అక్కడి పాలేరు ఇక్కడి జీతగాడు. పొద్దుగాల లేచే పిల్లవాడు పుస్తకంలో తెల్లవారుజామున లేచేవాడు. తన ఇంటి మాట పుస్తకంలో కనిపించకపోవడం తప్పని, ఇంటి మాటే తక్కువదని అనుకున్న పిల్లలు ఇక్కడ ఎందరో. ఇది కుటుంబరావు ఒక్కరి లోపం కాదు. అచ్చు తెలుగు అంతా ఆనాడు అలాగే ఉండేది. అయినా చందమామ చేసిన మేలును చెప్పుకునేటప్పుడు ఈ వెలితిని విడిచిపెట్టడం సరికాదు.

కొకు తరువాత

1975లో చక్రపాణి కన్నుమూసిన తరువాతా కుటుంబరావు తన పనిలోనే కొనసాగారు. 1980 ఆగస్టు 17న మద్రాసులో మరణించే నాటికి ఆయన చందమామ ఉద్యోగే. కథలు, నవలలు, సాహిత్యం మొదలు సినిమా, సైన్సు దాకా వ్యాసాలు కలిపి ఆయన రచనలు పదివేల పుటలు దాటుతాయని అంచనా. చందమామలో పేరు లేకుండా రాసినవి, ఇతరుల పేర్లతో తిరగరాసినవి కలిపితే లెక్క ఎక్కడికి పోతుందో చెప్పలేము. ఇంతటి శ్రమకు పుస్తకం లోపలి అట్టపై ఒక్క పంక్తి చోటు దక్కకపోవడం న్యాయం కాదు. ఆనాటి వ్యాపార పద్ధతి అదేనని సరిపెట్టుకోవలసిన పనీ లేదు.

దాసరి సుబ్రహ్మణ్యం 2006 దాకా పత్రికలోనే ఉన్నారు. 1998లో ఏడాదిపాటు ఆగి, మళ్లీ మొదలైన చందమామ 2007లో చేతులు మారింది. 2012-13 ప్రాంతంలో పూర్తిగా నిలిచిపోయింది. పాత సంచికలు ఇంటర్నెట్‌లో పాఠకుల మధ్య తిరుగుతున్నాయి. పెద్దల కోసం కుటుంబరావు రాసిన సాహిత్యాన్ని కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో విశాలాంధ్ర సంస్థ సంపుటాలుగా ప్రచురించింది.

ఇప్పుడే చదవడం నేర్చిన పిల్లలకు 1950, 60 దశకాల సంచికల్లోని చిన్న కథలు తగినవి. నాలుగైదు తరగతులు దాటినవారు భేతాళ కథలు, ఆపై రూపధరుని యాత్రలు అందుకోవచ్చు. చదువు నవలను పదో తరగతి పూర్తయ్యాకే ఇవ్వడం మంచిది. ఉద్యోగం కోసమే చదువు అని ఇంటా బయటా వినే వయసు అది. సుందరం కథ అప్పుడు బాగా అర్థమవుతుంది.