డాక్టర్ తాలిమెరెన్ ఆవో

ఆటలు చదువుకు అడ్డమని కొందరు అనుకుంటారు. కానీ ఆటలోను, చదువులోను సమానంగా రాణించినవారు మన దేశంలో ఉన్నారు. వారిలో డాక్టర్ తాలిమెరెన్ ఆవో ఒకరు.

ఆయన 1918 జనవరి 28న నాగా కొండలలోని చాంగ్‌కీ గ్రామంలో జన్మించాడు. నేడు ఆ ప్రాంతం నాగాలాండ్ రాష్ట్రంలో ఉంది. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కొనడానికి బంతి లేక, పాత గుడ్డలు చుట్టి చేసిన బంతితోనే పిల్లలు ఆడుకునేవారు. మన పావగడ కొండ కింద బయళ్లలో ఆడే పిల్లలకు ఆ ఆనందం తెలియనిది కాదు.

1935లో తండ్రి విషజ్వరంతో మరణించాడు. కొడుకు వైద్యుడై తనవారికి సేవ చేయాలన్నది ఆయన కోరిక. ఆ కోరికను తాలిమెరెన్ మరువలేదు. గౌహతిలోని కాటన్ కళాశాలలో చదివి, తరువాత కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో చేరాడు. అక్కడే ప్రసిద్ధమైన మోహన్ బగాన్ జట్టులో ఆడి, దానికి నాయకుడయ్యాడు. పగలు పాఠాలు, సాయంత్రం ఆట. దేనినీ విడువలేదు.

1948లో లండన్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. స్వతంత్ర భారతదేశం పాల్గొన్న మొదటి ఒలింపిక్స్ అవే. ప్రారంభోత్సవంలో మన జాతీయ పతాకాన్ని చేతబట్టి ముందు నడిచినవాడు ఆవో. ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడు కూడా ఆయనే. జూలై 31న ఫ్రాన్సుతో పోటీ జరిగింది. మనవారిలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. మైసూరు రాష్ట్రపు ఆటగాడు రామన్ మన తరఫున గోలు చేశాడు. కాని రెండు పెనాల్టీ అవకాశాలు చేజారాయి. ఆట ముగియబోతుండగా ఫ్రాన్సు మరొక గోలు చేసి 2-1తో గెలిచింది. ఓడినా మనవారి ఆటను ప్రేక్షకులు మెచ్చుకున్నారు.

ఆట వల్ల వచ్చిన కీర్తి ఆయనను దారి తప్పించలేదు. 1950లో వైద్య పట్టా పొందాడు. కొంతకాలం దిబ్రూగఢ్‌లో పనిచేసి, 1953లో కోహిమా ఆసుపత్రికి వచ్చాడు. 1963లో నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడింది. ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖకు సంచాలకుడై, 1978లో పదవీ విరమణ చేశాడు. 1998 సెప్టెంబరు 13న కన్నుమూశాడు.

దేశం పతాకాన్ని చేతికిచ్చినా, తండ్రి అప్పగించిన బాధ్యతను ఆవో చేజార్చలేదు. పట్టుదల ఉంటే పుట్టిన ఊరు చిన్నదైనా, మాట్లాడే భాష వేరైనా ఎదుగుదలకు అడ్డు కావని ఆయన జీవితం మనకు తెలుపుతుంది.