ఏనుగు కాదు, సైదాపేట

మా ఎడ్లపాడు హైస్కూల్లో నేను కబడ్డీ బాగా ఆడేవాణ్ణి. కోర్టులో ముగ్గు గీస్తూ మా పీఈటీ సారు కోడి రామ్మూర్తి నాయుడు గారి కథ చెప్పేవారు.

ఆయనది ఉత్తరాంధ్రలోని వీరఘట్టం. చదువు మీద మనసు నిలవలేదు. విజయనగరంలో బంధువుల ఇంట ఉంటూ కసరత్తు, కుస్తీ నేర్చారు. ఆ కసరత్తే ఆయన్ని మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణకు పంపింది. తిరిగొచ్చి విజయనగరంలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. ఛాతీ మీదకి ఏనుగును ఎక్కించుకున్నారు, ఇనుప గొలుసులు తెంచారు. ఇండియన్ హెర్క్యులస్ అని పేరొచ్చింది. 1942లో కన్నుమూశారు.

అప్పట్లో నాకు ఏనుగే గుర్తుండిపోయింది.

ఇంటర్‌లో ఆట మానేశా. మా కాలేజీకి గ్రౌండే లేదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో క్రీడల కోటా ఉందని తెలిసేసరికి నా దగ్గరున్నది మండల స్థాయి సర్టిఫికెట్ ఒక్కటే. అది పనికిరాలేదు. ర్యాంకుతో ఎక్కడొస్తే అక్కడ చేరా.

ఈ సంక్రాంతికి ఊళ్ళో తమ్ముళ్ళు ఆడాలా, చదవాలా అని అడిగారు. రెండూ వదలొద్దన్నా, సర్టిఫికెట్లు దాచుకోమన్నా. ఈసారి వాళ్ళకి ఏనుగు సంగతి కాదు, సైదాపేట సంగతి చెప్పా.