బారు వైపా, ఫోన్ వైపా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్లలో తాగుడు మానాలనుకునేవారికి నలుగురికీ తెలిసిపోతుందన్న బెరుకే పెద్ద అడ్డు. బిల్ విల్సన్ ఆ బెరుకును పక్కన పెట్టి ఫోన్ ఎత్తాడు.

న్యూయార్క్ షేర్ మార్కెట్లో బాగా సంపాదించి, మందుకు అంతా పోగొట్టుకుని, పలుమార్లు ఆసుపత్రి పాలైన మనిషి. మానేసి ఐదు నెలలైంది. 1935 మేలో ఏక్రన్ పట్టణంలో వ్యాపారం బెడిసికొట్టింది. హోటల్ లాబీలో ఒక పక్క బారు, మరో పక్క టెలిఫోన్. చర్చిలకు ఫోన్లు చేసి, తనలాంటి మరో తాగుడు బాధితుడితో మాట్లాడాలని అడిగాడు. అలా దొరికినవాడు సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్. పావుగంటే కూర్చుంటానని వచ్చి గంటల తరబడి మాట్లాడాడు. జూన్ 10 తర్వాత ఆయన మందు ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజు అదే. అక్కడ పూర్తి పేరు చెప్పనక్కర్లేదు, ఫీజూ లేదు. 1951లో విల్సన్ భార్య లోయిస్ కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ మొదలుపెట్టింది.

విల్సన్ 1971లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సిగరెట్లు అంత తేలిగ్గా వదల్లేదు మరి!

తాగుడు మానడానికి సాయం కావాలంటే 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. కాబట్టి మానేసే ముందు డాక్టరుకు చూపించుకోవాలి.