సుందరము కరివర్ధన్

బాలురకు వేగమన్న మిక్కిలి ప్రీతి. సాయంకాలము బడి విడిచిన పిమ్మట హనుమకొండనుండి కాజీపేటకు పోవు బాటపై యువకులు మోటారు సైకిళ్లతో పోటీలు పడుట మేమనేక పర్యాయములు చూచితిమి, మందలించితిమి. అయినను తమ యుత్సాహమునకు తగిన స్థలమెక్కడనని వారడిగినప్పుడు ప్రత్యుత్తర మీయజాలకపోతిమి. ఆ ప్రత్యుత్తరమును తన జీవితముచే చూపిన యొకని చరిత్రము నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

కరివర్ధన్ 1954లో కోయంబత్తూరున జన్మించెను. తమిళదేశమున స్థిరపడియు తెలుగునే యింటిభాషగా నిలుపుకొన్న నాయుళ్ల కుటుంబము వారిది. 1910లో లక్ష్మీ మిల్లును స్థాపించిన జి. కుప్పుస్వామి నాయుడుగారు ఈ వంశమువారే. ధనమునకు కొదువ లేకున్నను, ఈయన మనస్సు యంత్రములయందే లగ్నమయ్యెను.

ఆ కాలమున మోటారు పందెములకు మదరాసునకు ఉత్తరముననున్న షోలవరము ప్రసిద్ధి. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థలమది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు అచ్చట పందెములు నడిపిరి. కరివర్ధన్ అందు పాల్గొని గొప్ప చోదకుడని పేరుపొందెను. కాని విదేశపు పందెపుకార్లు శ్రీమంతులకే లభ్యములు. సామాన్యుల బిడ్డలకు ఆ విద్య నేర్చుకొను దారి లేదు.

ఈ లోపమును తీర్పనెంచి, ఈయన 1980 దశకము చివర స్వదేశముననే చిన్న కార్లను నిర్మించెను. ఒక్కరు మాత్రమే కూర్చుండదగిన యా కారునకు మారుతి 800 యొక్క 796 సీ.సీ. ఇంజను నమర్చెను. ఫార్ములా మారుతి యని దానికి పేరు. ఇంజను బలము మితము గనుక క్రొత్తవాడు భయపడక నేర్వగలడు. అందరి కార్లును ఒక్కతీరువి గనుక గెలుపు ధనమునకుగాక నేర్పునకే దక్కును. చెడిన భాగములు ఊరి దుకాణములలోనే దొరకును. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టై పందెపుబాట తెరవబడగా, ఇట్టి కార్లతోనే యువకులనేకులు తొలిపాఠములు నేర్చిరి. వారిలో నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెమున పాల్గొన్న ప్రథమ భారతీయుడయ్యెను.

ఆ దినమును చూచు భాగ్యము కరివర్ధనునకు లేకపోయెను. 1995లో విమాన ప్రమాదమున, సుమారు నలువదియేండ్ల ప్రాయముననే, ఆయన మృతినొందెను. అనంతరము కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున నిర్మితమైన పందెపుబాటకు ఆయన పేరే పెట్టిరి. దాని చుట్టుకొలత సుమారు రెండు కిలోమీటర్లు.

ఇట్టి బాటలపై, పందెగాండ్రు కాని సామాన్యులకును కొన్ని దినములు కేటాయించుట కలదు. అవి పందెములు కావు, గెలుపోటములు లేవు. ముందుగా బ్రేకులు, టైర్లు పరీక్షింతురు. శిరస్త్రాణము లేనివానిని లోనికి రానీయరు. క్రొత్తవారిని ఆరితేరినవారితో కలుపక వేఱు జట్టుగా పంపుదురు. తొలిచుట్లు గురువు వెంట మెల్లగా పోవలెను. నియమించిన చోటనే, ముందువాడు సైగ చేసిన పిమ్మటనే, అతనిని దాటవలెను. పసుపుజెండా కనబడిన యెడల ముందు అపాయమున్నదని యెఱిగి, వేగము తగ్గించి, ఎవ్వరిని దాటరాదు. ఎఱ్ఱజెండా యైనచో అందరును నెమ్మదిగా మరలి రావలెను. కడపటిచుట్టు మెల్లగా నడిపి, కాగిన బ్రేకులను చల్లార్చవలెను. ఈ నియమములు ఆనందమునకు అడ్డుగోడలు కావు. ఎదురుగా బండి గాని, బాటసారి గాని రాడను ధైర్యము కలిగినప్పుడే గదా క్రొత్తవాని మనస్సు కుదుటపడి, విద్య యబ్బును!

విద్యార్థులారా! కాజీపేట బాటపై వృద్ధులును, పసిపిల్లలును, పశువులును నడచును. అచ్చట పసుపుజెండా చూపువాడెవడును లేడు. వేగమును కోరుట తప్పుగాదు. పరుల ప్రాణములను పణముగా నొడ్డుట తప్పు. కరివర్ధన్ యువకుల యుత్సాహమును నిందింపలేదు. దానికి తగిన బండిని సమకూర్చెను. పెద్దలమైన మేమును కేవలము మందలించి యూరకుండక, మీకు తగిన స్థలమును, తగిన శిక్షణమును చూపవలసినవారము. అంతవరకు మీరు ఓర్పు వహింతురుగాక.