కంప్యూటరుకు తాళం చెవి పద్ధతి నేర్పిన డెన్నిస్ రిచీ

మన హాస్టల్లో ఎవరి ట్రంకు పెట్టెకు వారి తాళం ఉంటుంది. గదిలోని వస్తువులు గదివాళ్లందరివీ. నోటీసు బోర్డు ఎవరైనా చదవవచ్చు గానీ, దాని మీద కాగితం అతికించేది వార్డెన్ గారే. ఈ కట్టుబాటు లేకపోతే ఇంతమంది ఒకే కప్పు కింద ఉండలేం. పదిమంది వాడే కంప్యూటరుకు కూడా ఇలాంటి కట్టుబాటే కావాలి. ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు దిద్దవచ్చు, ఎవరు నడపవచ్చు అని చెప్పే నియమాలనే పర్మిషన్లు అంటారు. వాటిని సులువైన పద్ధతిలో మనకు అందించిన మహనీయుల్లో డెన్నిస్ రిచీ ఒకరు. 'సి' భాషను కనిపెట్టింది ఎవరనే ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా మనలో చాలామందికి ఆ పేరు తెలుసు. ఆ జవాబు వెనుక ఉన్న మనిషిని తెలుసుకుందాం.

డెన్నిస్ రిచీ 1941 సెప్టెంబరు 9న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, బ్రాంక్స్‌విల్ అనే ఊళ్లో జన్మించారు. తండ్రి బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. రిచీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, తర్వాత అనువర్తిత గణితంలో పరిశోధన చేశారు. 1968 నాటికి సిద్ధాంత గ్రంథం రాశారు గానీ, దాన్ని లాంఛనంగా సమర్పించకపోవడంతో డాక్టరేట్ పట్టా మాత్రం అందుకోలేదు. అప్పటికే, 1967లో, తండ్రి పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే చేరారు.

ఆ రోజుల్లో బెల్ ల్యాబ్స్ మరో రెండు సంస్థలతో కలిసి మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారు చేస్తోంది. అందులో ప్రతి ఫైలుకూ ఎవరెవరికి ఏయే హక్కులో చెప్పే ఒక జాబితా ఉండేది. పని ఎంతకూ తెమలక 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. రిచీ మిత్రుడు కెన్ థాంప్సన్ నిరుత్సాహపడలేదు. ఎవరూ పెద్దగా వాడని పిడిపి-7 అనే చిన్న యంత్రం మీద కొత్త సిస్టమ్ మొదలుపెట్టారు. రిచీ ఆయనకు తోడయ్యారు. అదే యునిక్స్.

చిన్న యంత్రంలో పెద్ద జాబితాలకు చోటెక్కడిది? 1971 నాటి యునిక్స్‌లో ఫైలు యజమాని, ఇతరులు అనే రెండు తరగతులే ఉండేవి. తర్వాత వీటి మధ్య 'గ్రూపు' చేరింది. మన భాషలో చెప్పాలంటే పెట్టె సొంతదారు, గదివాళ్లు, మిగతా హాస్టల్. ఒక్కొక్కరికి చదవడం, రాయడం, నడపడం అనే మూడు హక్కులు. మూడు మూళ్లు తొమ్మిది. తొమ్మిది గుర్తులతో పని జరిగిపోయింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. పాస్‌వర్డ్‌ల ఫైలును సిస్టమ్ అధికారి తప్ప ఎవరూ దిద్దకూడదు. మరి మామూలు వాడుకరి తన పాస్‌వర్డ్ మార్చుకోవడం ఎలా? రిచీ చక్కని ఉపాయం కనిపెట్టారు. మనకు స్టోరు రూము తాళం ఎవరూ ఇవ్వరు. వంటమనిషి లోపలికి వెళ్లి, మనకు కావలసినంత కొలిచి తెచ్చి ఇస్తారు. అలాగే, ఆ ఒక్క పని చేసే ప్రోగ్రాముకు మాత్రం అది నడిచినంతసేపు యజమాని అధికారం ఉంటుంది. దీని పేరు సెట్‌యూఐడీ. 1973లో దరఖాస్తు చేయగా 1979లో దీనికి పేటెంట్ వచ్చింది. తర్వాత దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేందుకు వదిలేశారు.

1972 ప్రాంతంలో రిచీ 'సి' భాషను రూపొందించారు. 1973లో యునిక్స్‌ను అందులో తిరగరాశారు. దాంతో యునిక్స్ ఒక యంత్రానికి కట్టుబడక అన్ని రకాల యంత్రాలకూ పాకింది. 1978లో బ్రయాన్ కెర్నిఘాన్‌తో కలిసి 'సి' పుస్తకం రాశారు. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇంత పేరొచ్చినా, యునిక్స్‌ను భద్రత కోసమని మొదలుపెట్టలేదని ఒప్పుకుని, అందులోని లోపాలను తానే వ్యాసంగా రాసిన నిజాయితీపరుడు ఆయన.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ మళ్లీ మల్టిక్స్ లాగా జాబితా పద్ధతిని ఎంచుకుంది. అందుకే లినక్స్‌లో తెరుచుకున్న ఫైలు విండోస్‌లో, అక్కడిది ఇక్కడ మొరాయిస్తూ ఉంటుంది. ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌కు యజమాని అనే మాటే తెలియదు. దానిలోకి ఎక్కించగానే తొమ్మిది గుర్తులూ పోతాయి. లినక్స్ డిస్కు మీద యజమాని పేరు ఉండదు, అంకె ఉంటుంది. వేరే కంప్యూటర్లో ఆ అంకె మరొకరిదైతే మన ఫైలు వారిదైపోతుంది.

ఇలాంటప్పుడు చాలామంది కంగారుపడి 777 అని కొట్టేస్తారు. అంటే హాస్టల్లోని పెట్టెలన్నీ బార్లా తెరిచి పెట్టడమే. అలా కాకుండా వరుసగా చూడాలి. నేను ఏ పేరుతో, ఏ అంకెతో లోపలికి వచ్చాను? ఫైలు యజమాని ఎవరు? దాని పైనున్న ప్రతి ఫోల్డరులోంచీ నాకు దారి ఉందా? ఈ డిస్కు అసలు పర్మిషన్లను దాచుకోగలదా? తప్పు దొరికిన చోటే సరిచేసి, కావలసినంత హక్కే ఇవ్వాలి.

రిచీ 2007లో పదవీ విరమణ చేశారు. ఒంటరిగా ఉండేవారు. 2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని తన ఇంట్లో మరణించి కనిపించారు. అంతకు వారం ముందు, అక్టోబరు 5న, స్టీవ్ జాబ్స్ పోయినప్పుడు లోకమంతా కన్నీరు పెట్టింది. ఆ జాబ్స్ అందించిన ఐఫోన్ కూడా యునిక్స్ వారసత్వం మీదే నడుస్తుంది. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను ఒక్కో యాప్‌కూ వేరు వేరు వాడుకరి అంకె ఇచ్చి, ఒకదాని ఫైళ్లు మరొకటి చూడకుండా కాపాడేది ఆ పాత పద్ధతితోనే. అయినా రిచీ మరణం చాలామందికి తెలియనే లేదు.

మిత్రులారా! నమ్మకం అంటే అందరికీ అన్ని తాళాలూ ఇవ్వడం కాదని, ఎవరి పనికి కావలసిన తాళం వారికి ఇవ్వడమని ఆయన కృషి మనకు నేర్పుతోంది. కలిసి బతికే మనకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఏముంటుంది? ఈసారి తెర మీద 'పర్మిషన్ డినైడ్' అని కనిపిస్తే విసుక్కోకండి. ఎవరిదో పెట్టె భద్రంగా ఉందని గుర్తు చేసుకుని, ఆ మౌన కృషీవలుణ్ణి ఒక్కసారి తలుచుకోండి.