జాక్సన్ కౌంటీ రోడ్లు, ట్రూమన్ లెక్కలు

హ్యారీ ట్రూమన్ పేరు చెప్తే మన ఇళ్లలో రెండు విషయాలే గుర్తొస్తాయి. ఒకటి, 1945లో హిరోషిమా, నాగసాకి మీద పడ్డ బాంబులు. రెండోది, 1948 మే 14న ఇజ్రాయెల్ అధికారికంగా ఏర్పడిన 11 నిమిషాలకే అమెరికా ఇచ్చిన గుర్తింపు. ఆ బరువు ఆయన మీద నుంచి ఎవరూ దించలేరు, దించాల్సిన పనీ లేదు. కానీ అధ్యక్షుడు కాకముందు ఆయన ఒక జిల్లా స్థాయి ప్రజాప్రతినిధిగా దాదాపు పదేళ్లు పనిచేశారు. అక్కడ ఆయన పడ్డ ఇబ్బందులు మన జడ్పీటీసీలకు, కౌన్సిలర్లకు బాగా తెలిసినవే. గుంతల రోడ్లు, టెండర్లు, పైన కూర్చున్న పార్టీ పెద్ద.

ట్రూమన్ 1884లో మిస్సోరి రాష్ట్రంలోని లామర్‌లో పుట్టారు. వ్యవసాయం చేశారు, మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి దళం కెప్టెన్‌గా ఫ్రాన్స్ వెళ్లొచ్చారు. 1919లో స్నేహితుడు ఎడ్డీ జాకబ్‌సన్‌తో కలిసి కాన్సాస్ సిటీలో మగవాళ్ల బట్టల షాపు పెట్టారు. ధరలు పడిపోయి 1922లో షాపు మూతపడింది. జాకబ్‌సన్ తర్వాత దివాలా పిటిషన్ వేశాడు. ట్రూమన్ వేయలేదు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా అప్పులు తీర్చుకుంటూ వచ్చారు. (1948లో ఇజ్రాయెల్ విషయమై ట్రూమన్ దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగింది కూడా ఈ జాకబ్‌సనే. అది వేరే కథ.)

షాపు మునిగిపోతున్న ఆ రోజుల్లోనే పెండర్‌గాస్ట్ కుటుంబం నుంచి పిలుపు వచ్చింది. కాన్సాస్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ అంటే టామ్ పెండర్‌గాస్టే. ఉద్యోగాలు, ఓట్లు, కాంట్రాక్టులు అన్నీ ఆయన చేతుల్లో ఉండేవి. ఆయన అన్న కొడుకు యుద్ధంలో ట్రూమన్‌తో కలిసి పనిచేశాడు. ఆ పరిచయంతోనే 1922లో జాక్సన్ కౌంటీ జడ్జిగా పోటీ చేసే అవకాశం దొరికింది.

జడ్జి అనగానే నల్లకోటు అనుకోవద్దు. అప్పట్లో అక్కడ కౌంటీ కోర్టు అంటే కేసులు వినే చోటు కాదు, మన జిల్లా పరిషత్ లాంటిది. ముగ్గురు సభ్యులు ఉండేవారు. రోడ్లు, పన్నుల డబ్బు, వృద్ధాశ్రమం, కౌంటీ ఉద్యోగాలు అన్నీ వాళ్ల చేతుల్లోనే ఉండేవి. ఎన్నికైన ట్రూమన్ రెండేళ్లలో కౌంటీ అప్పు బాగా తగ్గించారు. అయినా 1924లో ఓడిపోయారు. సొంత పార్టీలోనే రెండు ముఠాలు చీలాయి, పైగా కూ క్లక్స్ క్లాన్ ఆయనకు వ్యతిరేకంగా పనిచేసింది. 1926లో మళ్లీ గెలిచి, ఈసారి ముగ్గురిలో పెద్ద అయిన ప్రిసైడింగ్ జడ్జి అయ్యారు.

అసలు పని ఇక్కడే మొదలైంది. కౌంటీ రోడ్లు నాసిరకం, వానొస్తే కొట్టుకుపోయేవి. ట్రూమన్ ఇద్దరు ఇంజనీర్లను పెట్టి సర్వే చేయించారు. వాళ్లలో ఒకరు సొంత పార్టీ అయితే రెండోవారు ప్రతిపక్ష రిపబ్లికన్. 224 మైళ్ల కొత్త రోడ్లకు ప్లాన్ తయారైంది. దానికి 65 లక్షల డాలర్ల బాండ్లు కావాలి, అంటే ప్రజల పేరు మీద అప్పు. ప్రజలు ఓటేసి ఒప్పుకోవాలి. డబ్బు నొక్కేస్తారని జనం అనుకుంటారు, నెగ్గదు అని పెండర్‌గాస్ట్ కూడా అన్నాడట. ట్రూమన్ ఊరూరా తిరిగి, పనులు తక్కువ రేటు కోట్ చేసినవాళ్లకే ఇస్తానని మాటిచ్చారు. 1928 మేలో బాండ్లు నెగ్గాయి.

మాట నిలబెట్టుకోవడం మరీ కష్టం. పార్టీకి అలవాటైన కాంట్రాక్టర్లు పెండర్‌గాస్ట్ దగ్గర పంచాయితీ పెట్టారు. ఆయనకు సొంతంగా కాంక్రీట్ కంపెనీ కూడా ఉండేది. మన వాళ్లకే ఇవ్వు అని అడిగితే ట్రూమన్ కుదరదన్నారు. తర్వాత ట్రూమన్ చెప్పుకున్న దాని ప్రకారం, ఈయన మొండివాడని ముందే చెప్పాను కదా అని పెండర్‌గాస్ట్ కాంట్రాక్టర్లనే పంపించేశాడు. బయటి రాష్ట్రం కంపెనీకి కూడా కాంట్రాక్టు వెళ్లింది. ఒక రోడ్డు ట్రూమన్ తల్లి పొలం మీదుగా పోయింది. తన కొడుకే పదవిలో ఉన్నందుకు ఆమెకు నష్టపరిహారం దక్కలేదు.

ఇంతవరకే చెప్పి ఆపితే నాయకుల జయంతి వ్యాసం అవుతుంది. ఇంకో సంగతి ఉంది. పదవిలో ఉండగానే ట్రూమన్ పిక్‌విక్ హోటల్ గదిలో ఒంటరిగా కూర్చుని తనకోసం కొన్ని కాగితాలు రాసుకున్నారు. బాండ్ల డబ్బు జోలికి దొంగల్ని రానివ్వకుండా ఉండటానికి, తన తోటి జడ్జిని తృప్తి పరచడానికి, కౌంటీ సాధారణ నిధుల నుంచి పెండర్‌గాస్ట్ మనిషి ఒకడు దాదాపు 10 వేల డాలర్లు తినేస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకున్నానని వాటిలో ఉంది. లక్షలు కాపాడటానికి వేలు వదిలేశాను, ఇది తప్పా ఒప్పా అని తనను తానే అడుగుతారు. తెలియదు అని మాత్రమే రాసుకున్నారు.

బీకాం చదివిన నాకు ఇక్కడే మనసు ఆగింది. జమాఖర్చు పుస్తకంలో ఇది లాభమే. కానీ ఆ 10 వేలు కూడా జనం అమానతే కదా. తినేవాడు తిననీ, పని జరిగితే చాలు అనే మాట మన వార్డుల్లో ఎన్నిసార్లు వినలేదు? తేడా ఏమిటంటే, ట్రూమన్ జేబులోకి పైసా రాలేదు, ఆ ప్రశ్నా ఆయన్ని వదలలేదు. ఆ తేడా సరిపోతుందని మాత్రం నేను అనలేను.

1931లో ఇంకో బాండ్ నెగ్గింది. కొత్త కోర్టు భవనం కోసం ఆయన సొంత కారులో రాష్ట్రాలు తిరిగి, లూసియానాలోని ష్రెవ్‌పోర్ట్‌లో నచ్చిన భవనం చూసి, దాని ఆర్కిటెక్టునే పిలిపించారు. 1934లో పెండర్‌గాస్ట్ మద్దతుతోనే సెనేట్‌కు వెళ్లారు. 1939లో పెండర్‌గాస్ట్ ఆదాయపన్ను ఎగవేత కేసులో నేరం ఒప్పుకుని జైలుకు పోయాడు. 1945 జనవరిలో అతను చనిపోతే, ఉపాధ్యక్షుడై కొద్దిరోజులే అయిన ట్రూమన్ విమర్శల్ని లెక్కచేయకుండా అంత్యక్రియలకు వెళ్లారు.

తల్లి పొలం సంగతి కూడా చెప్పాలి. కుటుంబం ఆ భూమిని తాకట్టు పెట్టి కౌంటీ స్కూల్ నిధి నుంచి 35 వేల డాలర్లు అప్పు తీసుకుంది. తీర్చలేకపోయారు. అప్పటికి కౌంటీ కోర్టు ట్రూమన్ అంటే గిట్టనివాళ్ల చేతిలో ఉంది. 1940లో, ఒకప్పుడు కొడుకు పెద్దగా కూర్చున్న ఆ కోర్టే పొలాన్ని వేలం వేయించింది. 87 ఏళ్ల తల్లి, చెల్లెలితో కలిసి గ్రాండ్‌వ్యూలో ఒక చిన్న ఇంటికి మారింది. అలవాటు లేని ఆ ఇంట్లో జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది.